మంచుకనుమల దారిలో ముందుచూపు

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదని పెద్దలు చెప్పుదురు. ఈ మాట ఇంటి పట్టున ఉండువారికంటె దూరప్రయాణము చేయువారికి ఎక్కువగా వర్తించును. ఇంటివద్ద ఆపద కలిగినచో ఇరుగుపొరుగువారు పరుగెత్తి వత్తురు, వైద్యుడు దొరకును, మందుల అంగడి వీధి చివరనే యుండును. జనసంచారము లేని కొండలలో సైకిలు త్రొక్కుచు పోవువానికి ఇవి యేవియు లేవు. హిమాలయముల కావలి భూములలో పెక్కుచోట్ల పట్టుకొనుటకు చెట్టాకైనను కానరాదు. అట్టి దారిని పోవువాడు ఆ ఆకులను ఇంటినుండియే వెంట తీసికొని పోవలెను. ఆపదలకు ముందుజాగ్రత్త యనగా ఇదియే.

మన దేశమున సైకిలు యాత్రికులను మిక్కిలి ఆకర్షించు దారులలో మనాలి నుండి లేహ్ వరకు పోవు బాట ఒకటి. మనాలి హిమాచల ప్రదేశమునందును, లేహ్ పట్టణము లడఖ్‌నందును ఉన్నవి. రోహతాంగ్ కనుమ మీదుగా పోవు పాతదారిన ఈ రెంటి నడుమ దూరము ఇంచుమించు 475 కిలోమీటర్లు. 2020వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన రోహతాంగ్ కొండ క్రింద 9.02 కిలోమీటర్ల పొడవుగల అటల్ సొరంగమార్గము తెరువబడినది. దానివలన మోటారు వాహనములకు 46 కిలోమీటర్ల దూరము తగ్గినది. సరిహద్దు రహదారుల సంస్థవారు ఈ బాటను కాపాడుచుందురు. శీతకాలమున కనుమలు మంచుతో మూసికొనిపోవును. ఎండలు ముదిరిన పిమ్మట మంచును తొలగించి దారి తెరతురు. అప్పుడు దేశదేశముల యాత్రికులు సైకిళ్లపై సామానులు కట్టుకొని మనాలి నుండి బయలుదేరుదురు. మోటారుబండిలో రెండు దినములు పట్టు ఈ దారి సైకిలుపై ఎనిమిది మొదలు పండ్రెండు దినములు పట్టును.

ఈ దారి యెత్తు ఎంతటిదో తెలిసికొన్నగాని దీనిలోని అపాయము బోధపడదు. తూర్పు కనుమలలో తెలుగుదేశమునకు చెందిన మిక్కిలి పొడవైన శిఖరము సైతము 1,700 మీటర్లకు మించదు. మనాలి పట్టణమే సముద్రమట్టమునకు 2,000 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. అనగా తెలుగువాడు ఈ యాత్ర మొదలిడు చోటనే తన సీమలోని కొండలన్నిటికంటె ఎత్తున నిలుచును. అక్కడినుండి పాతదారిన పోవువాడు అయిదు కనుమలు దాటవలెను. రోహతాంగ్ 3,978 మీటర్లు; బారలాచా లా సుమారు 4,890 మీటర్లు; నకీ లా సుమారు 4,740 మీటర్లు; లాచులుంగ్ లా సుమారు 5,060 మీటర్లు; కడపటిదైన తంగ్‌లంగ్ లా 5,300 మీటర్లకు పైచిలుకు. ‘లా’ యనగా టిబెట్ భాషలో కనుమ యని అర్థము. దార్చా గ్రామము దాటినది మొదలు రుమ్‌ట్సే గ్రామము చేరువరకు, ఇంచుమించు 250 కిలోమీటర్ల మేర, ఏడాది పొడవున జనులు కాపురముండు ఊరు ఒక్కటియు లేదు. వేసవిలో మాత్రము సర్చూ, పాంగ్ వంటి చోట్ల గుడారములలో భోజనశాలలు వెలయును. చలి ముదరగనే వానిని ఎత్తివేయుదురు.

ఇక్కడ యాత్రికుని మొదటి శత్రువు చలి కాదు, ఏటవాలు కాదు; పలుచనైన గాలి. గాలిలో ప్రాణవాయువు పాలు సముద్రతీరమునను, కొండశిఖరమునను ఒక్కటియే. నూటికి 21 వంతులు. కాని ఎత్తు పెరిగినకొలది గాలి ఒత్తిడి తగ్గిపోవును. 5,000 మీటర్ల ఎత్తున అది సముద్రమట్టమునందలి ఒత్తిడిలో సగముకంటె కొంచెము మాత్రమే ఎక్కువ. కావున ఒక్కొక్క ఊపిరితో లోనికి పోవు ప్రాణవాయువును దాదాపు సగమే. శరీరము ఈ లోటును పూడ్చుకొనగలదు. ఊపిరి వేగమగును, గుండె వడిగా కొట్టుకొనును, క్రమముగ రక్తములో ఎఱ్ఱకణములు పెరుగును. కాని ఈ సర్దుబాటుకు దినములు పట్టును. ఆ గడువు ఈయక పైకి పోవువానికి తలనొప్పి, వాంతి, ఆకలి లేకుండుట, నిద్ర పట్టకుండుట, నిస్సత్తువ కలుగును. దీనినే ఎత్తువలన కలుగు వ్యాధి యందురు.

ఈ బాధ క్రొత్తది కాదు. దాదాపు రెండువేల సంవత్సరముల క్రిందటి చైనా చరిత్రగ్రంథమున పడమటి దేశములకు పోవు దారిలో ‘పెద్ద తలనొప్పి కొండ’, ‘చిన్న తలనొప్పి కొండ’ అను పేర్లు కానవచ్చును. 1962లో చైనాతో యుద్ధము సంభవించినప్పుడు మైదానములలోని మన సైనికులను త్వరత్వరగా ఎత్తైన సరిహద్దులకు చేర్చవలసి వచ్చెను. బలిష్ఠులైన యువకులు సైతము అనేకులు ఈ వ్యాధికి లోనైరి. ఇట్టి 1,925 మంది సైనికుల స్థితిని ఇందర్ సింగ్ ప్రభృతులైన భారత వైద్యులు పరిశీలించి, 1969లో తమ అనుభవములను ప్రకటించిరి. దేహదార్ఢ్యము ఈ వ్యాధికి కవచము కాదను సంగతి యాత్రికులు మరువరాదు. పరుగుపందెములో మొదట నిలిచినవాడు ఇక్కడ మొదట పడిపోవచ్చును. ఏలయన, వాని కాళ్లు వాని ఊపిరితిత్తులకంటె ముందుగా పైకి చేరును.

తలనొప్పి అంతటితో ఆగినచో విశ్రాంతితో తగ్గును. హెచ్చినచో రెండు ఘోరమైన రూపములు దాల్చును. ఊపిరితిత్తులలో నీరు చేరుట ఒకటి. మెదడు వాచుట రెండవది. మొదటిదానిలో కూర్చుండియున్నను ఆయాసము తగ్గదు. పొడిదగ్గు పుట్టి, పిదప నురుగుతో కూడిన కఫము పడును. పెదవులు నీలివర్ణము దాల్చును. రెండవదానిలో మాట తడబడును, అడుగు తూలును, మనిషి అకారణముగ కోపగించుకొనును, లేక మగతలో పడియుండును. దీనిని గుర్తించుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. నేలపై తిన్నని గీత గీసి, ఒక పాదము వ్రేళ్లకు రెండవ పాదము మడమ ఆనించుచు దానిపై నడువుమనవలెను. తూలక నడువలేనివానికి మెదడు వాపు కలిగినదని యెంచి వెంటనే క్రిందికి దింపవలెను. ఈ రెండు రూపములును కొలది గంటలలో ప్రాణము తీయగలవు. ప్రాణవాయువు, కొన్ని మందులు కొంతసేపు ఆదుకొనును. కాని అసలు చికిత్స క్రిందికి దిగుటయే.

మనాలి లేహ్ బాటలోని చిక్కు సరిగా ఇక్కడనే యున్నది. సామాన్యమైన కొండపై జబ్బుపడినవాడు వెనుకకు తిరిగినచో దిగుచు పోవును. ఈ బాటలో అన్నిచోట్ల అట్లు వీలుపడదు. యాత్రికుడు ఈ దారిని నాలుగు భాగములుగ పంచుకొని, ఒక్కొక్క భాగమున తప్పించుకొను త్రోవ ఏదో ముందుగనే తెలిసికొనవలెను.

మొదటి భాగము మనాలి నుండి దార్చా వరకు. ఈ మేర ఊళ్లు కలవు; లాహౌల్ స్పీతి జిల్లాకు ముఖ్యపట్టణమైన కేలాంగ్‌లో ఆసుపత్రి కలదు. రెండవ భాగము దార్చా నుండి బారలాచా వరకు. ఇది అంతయు ఎక్కుడు. కావున ఏ క్షణమున వెనుదిరిగినను అంతయు దిగుడే. మూడవ భాగము బారలాచా నుండి తంగ్‌లంగ్ లా వరకు. ఇది సుమారు 175 కిలోమీటర్లు. ఈ భాగమున మిక్కిలి పల్లమైన చోటు సైతము 4,100 మీటర్లకు తక్కువ కాదు. ముందునకు పోయినను కనుమ, వెనుకకు వచ్చినను కనుమ. దిగవలెననినను మొదట ఎక్కవలెను. గిన్నె అడుగున పడిన చీమకు అంచు దాటక బయటి దారి లేనట్లే, ఇక్కడ జబ్బుపడినవానికి సైకిలుపై దారి లేదు. మోటారు వాహనమొక్కటే గతి. నాలుగవ భాగము తంగ్‌లంగ్ లా నుండి లేహ్ వరకు. ఇది దిగుడు, రుమ్‌ట్సే, గ్యా గ్రామములు దాటి ఉప్షీ వద్ద సింధునదిని చేరినచో లేహ్ ఆసుపత్రి దూరము కాదు.

కావున ఈ యాత్రలో అన్నిటికంటె ముఖ్యమైన నిర్ణయము బారలాచాకు ఇవతలనే జరుగవలెను. తలనొప్పితో ఆ కనుమ దాటువాడు తలుపు మూసికొని తాళపుచెవి బయట విడిచినవానితో సమానుడు. దాటిన పిదప జబ్బు కలిగినచో ఏ వైపునకు పోవలెనో కూడ ముందే యెరిగి యుండవలెను. సర్చూలోనున్నవాడు వెనుకకు మరలుట మేలు. వాహనముపై బారలాచా నొక్కదానిని దాటినచో ఆపైన అంతయు దిగుడే. పాంగ్ చేరినవానికి వెనుక మూడు కనుమలు, ముందు ఒక్కటి యున్నవి; దారి తెరచియున్నచో వాడు లేహ్ వైపునకే పోవలెను. కాని ముందున్న కనుమయే అన్నిటికంటె ఎత్తైనది. అందుచే రోగిని ప్రాణవాయువు సీసాతో, తోడుమనిషితో, ఎక్కడను ఆగక దాటింపవలెను. పాంగ్ వద్ద సైన్యపు విడిది కలదు. అట్టి వేళ అక్కడివారి సలహాను, సహాయమును కోరవలెను.

వ్యాధి రాకుండ చూచుకొనుటకు మార్గము నిదానము. 3,000 మీటర్లు దాటిన పిమ్మట నిదురించు చోటు దినమునకు 500 మీటర్లకంటె పెరుగరాదనియు, మూడు నాలుగు దినములకొకసారి ఒక దినము ఆగవలెననియు వైద్యులు చెప్పుదురు. పగలు ఎంత ఎత్తు దాటినను రాత్రి ఎక్కడ పరుండితిమను సంగతియే ప్రధానము. ఈ లెక్క ప్రకారము సుమారు 3,100 మీటర్ల ఎత్తున గల కేలాంగ్‌లో రెండు రాత్రులు, దార్చాలో ఒక రాత్రి, 3,800 మీటర్ల దాపున నున్న పట్సియోలో ఒకటి, సుమారు 4,270 మీటర్ల ఎత్తున నున్న జింగ్‌జింగ్‌బార్‌లో ఒకటి గడిపి, మరునాడు బారలాచా దాటి సుమారు 4,290 మీటర్ల ఎత్తున గల సర్చూకు దిగుట క్షేమము. మోటారులో పోవువారు కేలాంగ్ నుండి ఒక్క దినముననే సర్చూ చేరి, ఆ రాత్రి తల పట్టుకొని కూర్చుండుట తరచుగ జరుగును. సైకిలు నెమ్మదిగా పోవుటయే ఇక్కడ మేలైనది. ఐనను ఎత్తున అతిగా శ్రమించుట సైతము వ్యాధికి దోహదము చేయును గనుక, మాటాడుచు పోగలిగినంత వేగమునకు మించి త్రొక్కరాదు. ముందుగా పుచ్చుకొను మందులు కలవు. వానిని వైద్యుని సలహా లేక వాడరాదు. మద్యము, నిద్రమాత్రలు ఊపిరిని మందగింపజేయును గనుక పూర్తిగ వర్జ్యములు.

ముందుజాగ్రత్తలో మరియొక సూక్ష్మము కలదు. ప్రాణవాయువు చాలనప్పుడు మొదట దెబ్బతినునది ఆలోచనాశక్తి. ‘నాకేమియు కాలేదు, పోదము’ అని పట్టుపట్టువాడే రోగి కావచ్చును. వాని వెంటనున్నవారి బుద్ధియు అదే గాలిలో మందగించియుండును. అందుచే నిర్ణయములను ఆపద వచ్చిన చోట చేయరాదు. మనాలిలో, తల తేటగా నున్నప్పుడు చేసి, కాగితముపై వ్రాసికొనవలెను. ఆ కాగితమున నాలుగు వాక్యములు చాలును. తలనొప్పి యున్నవాడు మరింత పైకి పోయి పరుండరాదు. ఒక రాత్రి విశ్రాంతితో తగ్గనిచో క్రిందికి దిగవలెను. తూలువానిని, కూర్చుండియు ఆయాసపడువానిని రాత్రియైనను తెల్లవారువరకు ఆగక దింపవలెను. రోగిని ఎన్నడును ఒంటరిగా పంపరాదు.

ఒక ఉదాహరణము చూతము. ముగ్గురు మిత్రులు జింగ్‌జింగ్‌బార్ గుడారములో రాత్రి గడిపిరనుకొందము. తెల్లవారుసరికి ఒకనికి తలనొప్పి, ఆహారము సహింపలేదు. ఆకాశము నిర్మలముగ నున్నది. కనుమ ఇంక ఇరువది కిలోమీటర్లే. సెలవులు లెక్కకు మిక్కిలిగ లేవు. ‘కనుమ దాటినచో సర్చూకు దిగుడే కదా’ అని ఒకడనును. ఆ మాట వినుటకు సొంపుగ నున్నది. కాని సర్చూ వారున్న చోటికంటె పల్లము కాదు. పైగా దానికి వెనుక బారలాచా అడ్డముగ నిలుచును. కాగితములో వ్రాసికొన్నవారు తర్కింపరు. ఆ దినము అక్కడనే ఆగుదురు. సాయంకాలమునకు తల తేటపడినచో మరునాడు సాగుదురు. పడనిచో ముగ్గురును దార్చాకు దిగుదురు. వారికి కలిగిన నష్టము ఒకటి రెండు దినములు. కాగితము లేనివారికి కలుగు నష్టము ఎంతటిదో చెప్ప వీలులేదు.

ఆకాశమును, నీటిని గూర్చియు తెలిసికొనవలెను. ఈ ప్రాంతపు వాగులు మంచు కరగుటచే పారునవి. ఉదయమున చీలమండ లోతున ఉన్న వాగు, ఎండ కాగిన పిమ్మట మధ్యాహ్నమునకు మోకాలు దాటి, రాళ్లను దొర్లించుచు ప్రవహించును. కావున దారికి అడ్డముగ పారు వాగులను ప్రొద్దుటనే దాటవలెను. పొంగియున్నచో గట్టున గుడారము వేసికొని మరునాటి ఉదయమునకై వేచియుండవలెను. లడఖ్‌లో సంవత్సరమంతయు కురియు వాన 100 మిల్లీమీటర్ల దాపున మాత్రమే. ఐనను 2010 ఆగస్టులో లేహ్ పరిసరములందు ఒక్క రాత్రి కురిసిన కుంభవృష్టికి బురదవరదలు వచ్చి రెండువందల మందికి పైగా మృతినొందిరి. 2018 సెప్టెంబరు చివర లాహౌల్ స్పీతిలో అకాలముగ మంచు కురిసి వందలకొలది జనులు చిక్కుకొనగా, వాయుసేన హెలికాప్టర్లు పలువురను వెలికి తెచ్చెను. అందుచే గుడారమును వాగు పడకలో వేయరాదు. రెండు దినముల ఆహారము, రెండు దినముల సెలవు ఎప్పుడును మిగులుగ నుంచుకొనవలెను.

చలి వలన ఒడలు చల్లబడుట మరియొక అపాయము. వేసవిలోను ఎత్తైన చోట్ల రాత్రులు నీరు గడ్డకట్టును. కనుమ ఎక్కునప్పుడు పట్టిన చెమట, దిగునప్పుడు వీచు గాలికి మంచువలె చల్లనగును. కనుమపై ఆగిన వెంటనే తడిబట్ట విడిచి పొడిబట్టయు, గాలి చొరని పైవస్త్రమును ధరింపవలెను. వణకుట ఆగిపోయినవాడు కోలుకొన్నాడనుకొనరాదు. వాని స్థితి మరింత విషమించినదని తెలియవలెను. వానిని గాలి తగులని చోట పరుండబెట్టి, తడిబట్టలు మార్చి, కప్పి, మెలకువ కలిగియున్నచో వెచ్చని తీపిపానీయము నీయవలెను. రాత్రి నీటిసీసాను తలక్రిందుగ నిలిపినచో పైకి వచ్చిన అడుగుభాగమున మంచు కట్టును. మూతివద్ద నీరు మిగులును. సెల్‌ఫోను, దీపపు బ్యాటరీలు చలికి శక్తి కోల్పోవును గనుక వానిని ఒంటిబట్టల నడుమ దాచికొనవలెను. ఎండకు నల్లకళ్లజోడును, నిండుచేతుల చొక్కాయు తప్పనిసరి. పలుచని గాలిలో ఎండ చర్మమును కాల్చును. మంచుపై పడి మరలిన వెలుగు కన్నులకు హాని చేయును. పాంగ్ దాటిన తరువాత మోరే మైదానము అను పేరుగల ఎత్తైన సమతలము సుమారు 40 కిలోమీటర్లు వ్యాపించియున్నది. అక్కడ నీరు అరుదు గనుక పాంగ్‌లోనే సీసాలన్నియు నింపుకొనవలెను.

సైకిలు చెడిపోవుట స్వల్పవిషయమని తోచవచ్చును. ఊరిలో అది స్వల్పమే; 4,700 మీటర్ల ఎత్తున ప్రొద్దు వాలునప్పుడు గొలుసు తెగినచో అది ప్రాణాపాయమునకు మొదటి మెట్టు కావచ్చును. రెండు ట్యూబులు, పంక్చరు అతుకులు, గాలిపంపు, గొలుసు అతుకు పనిముట్టు, రెండు మూడు లంకెలు, చక్రమునకు సరిపడు పుల్లలు, బ్రేకు రబ్బర్లు, గేరు తీగ, చేతికీలు వెంట నుండవలెను. టైరు చీలినచో లోపల పాతటైరు ముక్క ఆనించి గాలి నింపినచో తరువాతి విడిదివరకు నడచును. వస్తువులు ఉన్నంత మాత్రమున చాలదు. ఇంటివద్ద చీకటిలో ఒకసారి, చేతితొడుగులతో ఒకసారి ట్యూబు మార్చి చూచినవాడే వానిని నిజముగ కలిగియున్నవాడు. ఎక్కుటకంటె దిగుటయందే ఎముకలు విరుగు అవకాశము ఎక్కువ. గులకరాళ్లపై వేగము పనికిరాదు. బ్రేకులను ఎడతెగక పట్టియుంచినచో చక్రపు అంచు వేడెక్కి ట్యూబు పగులవచ్చును; ఆగి ఆగి దిగవలెను. నకీ లా వైపున 21 మలుపులతో కూడిన గాటా మెలికలు ఉన్నవి. ఇట్టి మలుపులవద్ద ఎదురుగ వచ్చు లారీల చప్పుడును ఆలకింపవలెను. శిరస్త్రాణము లేక ఒక్క గజమైనను దిగరాదు.

ఆపద కలిగినప్పుడు వార్త చేరవేయుట ఎట్లు? ఈ దారిలో పెక్కు చోట్ల సెల్‌ఫోను పనిచేయదు. ఉపగ్రహముల ద్వారా పనిచేయు ఫోనులను, సంకేతయంత్రములను ప్రభుత్వ అనుమతి లేక మన దేశమున వాడరాదు. విదేశీయులకును ఈ నియమము వర్తించును. ఫోను పనిచేయు చోట 112కు పిలువవచ్చును. పని చేయని చోట లారీడ్రైవరే తంతివార్త. నోటిమాట దూరము పోయినకొలది మారిపోవును గనుక, వార్తను కాగితముపై వ్రాసి, రెండు వైపుల పోవు రెండు వాహనములకు ఈయవలెను. అందు మొదట చోటు, పిదప దెబ్బ, ఆపైన గడియారపు వేళ ఉండవలెను. ‘పాంగ్ 12 కిలోమీటర్లు అని వ్రాసిన రాయి వద్ద, దారికి ఎడమవైపున, పురుషుడు, 22 ఏండ్లు, కుడికాలు విరిగినది, తెలివి కలదు, ఉదయము 10-20 గంటలు, తోడు ఒకడున్నాడు, గుడారము, నీరు కలవు.’ ఇంతకంటె ఎక్కువ అక్కరలేదు. ఇందు ఒక్కటి తగ్గినను వచ్చువారు వెదకుకొనవలసి వచ్చును. ఇందుకొరకే యాత్రికుడు దారి ప్రక్కనున్న ప్రతి కిలోమీటరు రాతిని చదువుచు పోవలెను.

ఇంటివద్దను ఒక కాగితము విడువవలెను. ఏ దినము ఏ విడిదినుండి ఏ విడిదికి పోవుదురో, ఎక్కడినుండి వార్త పంపుదురో, ఏ దినమువరకు వార్త అందకున్నను కలతపడనక్కరలేదో, ఆ గడువు దాటినచో ఎవరికి తెలియజేయవలెనో అందు వ్రాయవలెను. గడువు లేని కాగితము నిరుపయోగము. దానిని చదివినవారు మొదటి దినముననే భయపడుదురు, లేక వారము గడచినను ఊరకుందురు. ప్రతి యాత్రికుని చొక్కా జేబులోను వాని పేరు, రక్తపు వర్గము, పూర్వపు జబ్బులు, సరిపడని మందులు, ఇంటివారి ఫోను అంకె వ్రాసిన చీటీ యుండవలెను. వాహనమునకు కూలి ఈయ సరిపోవు సొమ్మును నోట్ల రూపమున విడిగా కట్టి దాచవలెను. గుడారముల దారిలో బ్యాంకులుండవు.

ఇన్ని జాగ్రత్తలు చదివినవారికి ఈ యాత్ర భయంకరమని తోచరాదు. ప్రతి సంవత్సరము అనేకులు క్షేమముగ లేహ్ చేరి, బార్లీ చేల నడుమ, సింధునది ఒడ్డున సైకిళ్లు నిలిపి సంతోషించుచున్నారు. వారిలో పలువురకు తాము కట్టుకొన్న మందులపెట్టెను విప్పవలసిన పనియే కలుగదు. అంతమాత్రమున ఆ బరువు వ్యర్థమైనదని ఎవరును అనరు. గొడుగు వెంట నుండగా వాన రాకుండుట నష్టము కాదు గదా! మార్గమధ్యమున తిరిగి వచ్చినవాడును ఓడినవాడు కాడు. కనుమ ఎక్కడికిని పోదు. మరుసటి వేసవికి మంచు తొలగించుకొని అక్కడనే యుండును. దానిని మరల చూచుటకు మనిషి మిగులవలెను. ఆపదలను ముందుగ ఊహించుట పిరికితనము కాదు; మిత్రులనందరను ఇంటికి చేర్చు ధైర్యము అందే యున్నది.